టిష్యూ ప్యాకెట్ల ఉద్యమం

రెండు వేల సంవత్సరం రాబోతున్న ఆ రోజుల్లో సింగపూర్‌లో కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం వచ్చిన ప్రతివాడూ లోకాన్ని కూడా అలాగే సరిదిద్దగలననుకునేవాడు. నేనూ అనుకున్నాను. క్లెమెంటిలో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం. అన్నం మాడకుండా వండడం రాదు గానీ, ఎన్నికల్లో డబ్బు ప్రభావం గురించి ఎవరు అడిగినా (అడగకపోయినా) గంటసేపు మాట్లాడేవాళ్లం.

మాకు అందుబాటులో ఉన్న ఎన్నికలు మా తెలుగు సంఘానివే. అధ్యక్ష పదవికి నిలబడేవారు సభ్యులకు విందు పెట్టడం అక్కడి ఆనవాయితీ. బిర్యానీ బావగారు (ఎవరికి బావో ఎవరికీ తెలియదు) అలాగే మూడుసార్లు గెలిచారు. ఆయన మీద రెండుసార్లు ఓడిపోయినవారు మాస్టారు అంకుల్. హైదరాబాదీ ముస్లిం, ఉద్యోగం ఇంజనీరు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, ప్రతి ఆదివారం సంఘం పిల్లలకు నేర్పేది తెలుగు గుణింతాలు. ఓటర్లకు ఆయన ఇచ్చేది టీ, రెండు బిస్కెట్లు. "విందు పెట్టి గెలిస్తే, గెలిచింది నేనా, వంటాయనా బేటా?" అనేవారు. ఆ మాట నాకు బాగా పట్టేసింది. మూడోసారి ఈయన ఓడిపోకూడదని పంతం పట్టాను.

అభ్యర్థులెవరూ విందులు పెట్టకూడదని సర్వసభ్య సమావేశంలో తీర్మానం తేవడానికి ఒక వేదిక పెట్టాం. డబ్బు ప్రభావం తగ్గించాలన్నా ముందు డబ్బు కావాలి కదా! బిస్కెట్ డబ్బా మూతకు చిల్లు పెట్టి, సెంగ్‌కాంగ్ నుంచి బుకిట్ బటోక్ దాకా తిరిగాం. ఆంటీలు చందా వేసి, మీ సమావేశంలో భోజనం ఉంటుందా బాబూ అని అడిగేవారు. ఉండదంటే జాలిగా చూసేవారు. కరపత్రం ఇస్తే పారేస్తారు, టిష్యూ ప్యాకెట్ ఇస్తే దాచుకుంటారన్న మహత్తరమైన ఆలోచన నాదే. (అక్కడి హాకర్ సెంటర్లనే భోజనశాలల్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, దాన్నే చోప్ చేయడం అంటారు.) "విందుకు లొంగకండి" అని ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించి పంచితే క్షణాల్లో అయిపోయాయి. మాస్టారు ఒకటి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కూడా ఓటరుకిచ్చే కానుకే కదా అన్నారు. దానికి నేనేదో పెద్ద సిద్ధాంతం చెప్పాను. అదృష్టం కొద్దీ ఇప్పుడు గుర్తులేదు.

బావగారు మాత్రం ఊరుకుంటారా? విందులు వద్దనే తీర్మానాన్ని ఓడించమని, సమావేశానికి ముందు రోజే బుకిట్ బటోక్‌లో తానుండే ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో విందు పెట్టారు. పరిశీలనకని నేనూ వెళ్లాను. చూద్దును కదా, ప్రతి కుర్చీ మీదా మా టిష్యూ ప్యాకెట్టే. ఖాళీగా ఉందనుకుని ఒకదాంట్లో కూర్చోబోతే ఒక పాప, "అంకుల్, చోప్ చేసేశాం లా," అని సింగపూర్ యాసలో చెప్పి ప్యాకెట్ చూపించింది. (నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు.) ఇంతలో బావగారు వచ్చి, తన పక్క కుర్చీ మీది ప్యాకెట్ తీసి నన్ను కూర్చోబెట్టారు. ఉద్యమాలు చేసేవాళ్లు కడుపు నిండా తినాలి తమ్ముడూ అంటూ స్వయంగా వడ్డించారు. వద్దంటున్నా మళ్లీ వడ్డించారు. నిజానికి నేను అంత గట్టిగా వద్దనలేదు. ఆరు నెలలుగా మాడిన అన్నం తిన్నవాణ్ణి.

మర్నాడు తీర్మానానికి అనుకూలమైనవారు చేతులెత్తమన్నారు. ఎదురు వరసలోంచి బావగారు నన్ను చూసి నవ్వారు, అంతే. నా చెయ్యి భుజం దాకా లేచి, జుట్టు సర్దుకుని దిగిపోయింది. లెక్కపెడితే ఒక్క ఓటు తక్కువైంది.

బయటికొచ్చాక మాస్టారి ముఖం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఎప్పటిలాగే నా చేతికి టీ కప్పిచ్చి, "బిర్యానీ మంచిగుండెనా బేటా?" అని అడిగారు. బాగుందన్నాను. తిట్టినా బాగుండేది. ఆ నెలలో జరిగిన ఎన్నికల్లో ఆయన మూడోసారీ ఓడిపోయి, ఆ ఆదివారం కూడా వచ్చి పిల్లలకు గుణింతాలు దిద్దించారు.

ఇప్పుడు నాకు ఉపన్యాసాల మీద మోజు పోయింది. బిర్యానీ మీద పోలేదు. కానీ ఏ సభలోనైనా మంచి మాటకు చేతులెత్తమంటే అందరికన్నా ముందు నేనే ఎత్తుతాను. ఎత్తాక, చెయ్యి భుజం దాటిందో లేదో ఒకసారి తిరిగి చూసుకుంటాను.