గట్టయ్య కాక నవ్వే అక్షరాలు

చిన్నప్పుడు బీడీలు చుట్టే చేతికి బలపం పట్టే తీరిక దొరకలేదు. పెళ్లయి కాగజ్‌నగర్ వచ్చాక టీ హోటల్ పొయ్యి ముందే బతుకు గడిచింది. నలభై దాటాకే అక్షరం వచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. ఇవాళ పక్కింట్లో తలుపులకు రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన రాగానే నా కుడిచేతి వేళ్లు వాటంతటవే దగ్గరికి చేరి, బ్రష్ పట్టినట్టు నిలిచాయి. ఆ చేతికి రాత నేర్పింది గట్టయ్య కాక.

ఆయన మా హోటల్ పక్క కొట్టులో దుకాణాల బోర్డులు రాసేవాడు. పాత సినిమా పోస్టర్ల మీద ఉండే బొద్దు అక్షరాలు. పొట్టలు ఉబ్బి, తలకట్లు ఎగిరిపడుతూ, ఒకదాన్నొకటి భుజాలతో నెట్టుకునేవి. ఊరి కాగితం మిల్లు మూతబడ్డాక బజారంతా షట్టర్లు దిగాయి. మనుషులు పోయారు కానీ షట్టర్ల పైన అక్షరాలు నవ్వుతూనే ఉన్నాయి. పని లేని కాక పట్టపగలు ఆ ఖాళీ వీధిలో నన్ను తిప్పుతూ, బోర్డు బోర్డు దగ్గర ఆపి చదివించేవాడు. అట్లానే నాకు చదువు వచ్చింది. కొట్టులో బ్రష్ పట్టించి అవే అక్షరాలు దిద్దించేవాడు. ఒకసారి "మి... ఠా... యి" అని కూడబలుక్కున్నాను. షట్టర్ వెనక ఏదో కదిలిన చప్పుడైంది.

"కాకా, లోపల ఎవలో ఉన్నరు!"

"ఎలుక. లేకుంటే సేటు నీ చదువు వినలేక లేశిండు."

నవ్వి, వెంటనే ఆ నవ్వు ఆపేశాడు. "గీ తీరు అక్షరాలు మూడు నాలుగిటికి మించి పెట్టద్దు బిడ్డా. నడుమ సందియ్యి, ఊపిరాడాలె. మిఠాయికి, సోడాకు మంచిగుంటది. దవాఖానకు పనికిరాదు. సావుకు అసలే రాయద్దు. అందరు ఏడుస్తుంటె అదొక్కటే నవ్వుతది. ఊకోమంటె ఊకోదు."

కాక పోయేనాటికి ఊళ్లో బ్రష్ పట్టేవాళ్లు మిగల్లేదు. సమాధి రాయి మీద పేరు రాయమని ఆయన భార్య పోశవ్వ చిన్నమ్మ నన్నే అడిగింది.

"గాని నవ్వేటియి రాయకు బిడ్డా. నవ్వితే ఆయన పోడు. ఇంటి సుట్టే తిరుగుతడు. నాకు భయమైతది."

నా చేతికి వచ్చింది ఆ ఒక్క తీరేనని ఆమెకు చెప్పలేకపోయాను.

సాయంత్రం రాయికి స్కేలు ఆనించి తిన్నగా మొదలుపెట్టాను. గ సరిగానే నిలబడింది. రెండో అక్షరం దగ్గర బ్రష్ స్కేలును దాటింది. ట పొట్ట ఉబ్బింది. తుడిచి మళ్లీ రాస్తే ఇంకా ఉబ్బింది. నా మణికట్టు మీద ఎవరో చేయి వేసినంత బరువు. చివరి అక్షరం నేను చూస్తుండగానే పూర్తయింది.

చిన్నమ్మకు చదువు రాదు. అయినా ఆ రాయిని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వచ్చిండు" అంది. ఆ గొంతులో భయం ఎంత ఉందో, మరేదో కూడా అంతే ఉంది.

"తుడిచేయనా చిన్నమ్మా?"

"రేపు చెప్త."

మరుసటి పొద్దున పాలు పొంగకముందే ఆమె మా గుమ్మంలో నిలబడి ఉంది. "తుడువకు. ఉంటె ఉండనీ. గా పేరు రాసుడు జర నాకూ నేర్పు."

పొయ్యి తగ్గించి, ఆమెను హోటల్ గోడ ముందు నిలబెట్టాను. బ్రష్‌ను రంగులో ముంచి ఆమె చేతిలో పెట్టి, పైన నా చేయి వేశాను. గ వరకు నేనే నడిపాను. ట దగ్గర, నేను కదలకముందే, ఎన్నడూ రాయని ఆ చేయి గుండ్రంగా పొట్ట తిప్పింది.

నా చేయి మెల్లగా తీసేశాను.