అట్ట మీద మంట

మా మేనత్త ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. పొద్దంతా ఊళ్లను ఊళ్లతో కలిపి, ఇంటికొచ్చి కథల్లో గ్రహాలను గ్రహాలతో కలిపేది. అప్పటికి మా భాషలో అలాంటి కథలు రాసినవాళ్లు పెద్దగా లేరు. "ఇక్కడే దిక్కు లేదు, చుక్కల్లో కాపురమా?" అని నానమ్మ సణిగేది. వారపత్రిక రాగానే అందరికంటే ముందు చదివేది మాత్రం ఆవిడే.

తర్వాత అత్తయ్య పదిహేను నవలలు రాసింది. పెన్షన్ తీసుకుంటూ హాయిగా ఇప్పటికీ రాస్తోంది. కానీ ఎవరడిగినా నవ్వుతూ చెప్పేది తన మొదటి సీరియల్ సంగతే.

అందులో నలభై మంది భూమిని వదిలి, ఓ ఓడలో కొత్త గ్రహానికి బయల్దేరతారు. పదకొండు వారాలు నడిచాక ఎడిటరు పిలిపించాడు.

"పాఠకులకు ఎక్కడం లేదమ్మా. వచ్చేవారంతో ముగించేయండి" అని ఆ సంచిక అట్ట చేతిలో పెట్టాడు. రంగుల అట్ట ముందుగానే అచ్చవుతుంది. దాని మీద ఓడ భగభగ మండుతోంది. "అందరూ పోయారని రాసేస్తే సరి."

ఆ నలభై మందిలో ఎవరికి దగ్గో, ఎవరికి ఎవరితో పడదో అత్తయ్యకు కంఠతా వచ్చు. అట్టలేమో వేలకు వేలు అచ్చయి కూర్చున్నాయి. ఓడ కాలాల్సిందే, మనుషులు మిగలాల్సిందే. మూడు రోజులు అన్నం సహించలేదు. ఎవరో అల్లుడు అత్తగారికి చేసిన కాల్‌ని ఫైర్ స్టేషన్‌కి కలిపేసింది. అందులో పెద్ద పొరపాటేముందని మా నాన్న ఇప్పటికీ అంటాడు.

నాలుగో రోజు కూర్చుని రాసేసింది. అందరూ క్షేమంగా దిగారు. దిగి, ఖాళీ ఓడకు తామే నిప్పు పెట్టుకున్నారు. పెట్టమన్నది వాళ్లలో ఓ పెద్దావిడ. "అది అక్కడ నిలబడి ఉన్నన్నాళ్లూ మీలో సగంమంది మూటలు విప్పరు" అంటుంది. నాకు ఇంతకంటే ఇష్టమైన మాట ఏ పుస్తకంలోనూ లేదు. మేనకోడల్ని కాబట్టి అంటున్నాననుకుంటే అనుకోండి.

ఎడిటరు ఆ కాగితాలు అత్తయ్య ఎదుటే చదివాడు. అందరినీ చంపేయమన్న పెద్దమనిషి, చివరి పేజీ అయ్యాక మళ్లీ వెనక్కి తిప్పి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నలభై మందీ దిగారా అమ్మా?"

"నలభై ఒక్కరండీ. ఏడోవారంలో ఓ అమ్మాయి పురుడు పోసుకుంది, మీరు చూసుకోలేదు."