ఏవిస్ వేసిన ఆకుపచ్చ పెయింట్

ఐవర్ పాక్లింగ్టన్ నలభై ఏళ్ళకు దగ్గరగా రేసుల్లో ఉన్నాడు. నడపలేదు, నిలబడ్డాడు.

కాడ్వెల్ ట్రాక్ మీద మేమంతా కొండ అని పిలిచే ఎత్తు ఒకటుంది. కార్లు దాని మీద నుంచి గాల్లోకి లేచి అవతల దిగుతాయి. ఆ ఎత్తు దిగువన ట్రాక్ పక్కన కాపలా కాసే మార్షల్స్ పోస్టులో, నారింజ రంగు దుస్తుల్లో, చేతిలో జెండాతో ఐవర్ కనబడేవాడు. వారమంతా చక్కెర దుంపల లారీ నడపడం, ఆదివారం ఇక్కడికి రావడం. జీతం లేదు. మధ్యాహ్నం ఒక పోర్క్ పై, ఫ్లాస్కులో టీ, అంతే. నేను కాలేజీలో ఉండగా ఆ పోస్టులో చేరాను. కారు బోల్తా పడితే ముందు ఏ వైపు నుంచి వెళ్ళాలో, మంటలార్పే డబ్బా గాలి ఎటుందో చూసి ఎలా తిప్పాలో నేర్పింది ఆయనే. "పరిగెత్తు, కానీ వెర్రిగా పరిగెత్తకు పిల్లా" అనేవాడు.

రేసు అయిపోయాక కార్లన్నీ ఇంకొక్క చుట్టు నెమ్మదిగా తిరుగుతాయి. ఆ చుట్టులో గెలిచినవాడూ ఓడినవాడూ ప్రతి పోస్టు దగ్గరా చెయ్యెత్తుతారు. మేం పోస్టులో ఉన్న జెండాలన్నీ తీసి ఊపుతాం. మాకు దక్కే జీతం అదేననుకోవచ్చు. ఎవరు ఎలా చెయ్యెత్తుతారో ఐవర్‌కి కంఠతా వచ్చు. ఫలానావాడు మోచేయి దాకా, ఫలానావాడు బొటనవేలు మాత్రం.

ఒకరోజు జెండాలు చుట్టి పెడుతూ అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇటు నుంచే చూశాను. ఒక్కసారి అటు నుంచి చెయ్యెత్తాలని ఉంది."

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

సంగతేమిటంటే, ఆయన ఎడమ కంటి వెనక పొర పాడవుతోంది. డాక్టరు చూసి, రేసు లైసెన్సు కాగితం మీద ఈ ఏడాదికి సంతకం పెడతానని, వచ్చే ఏడాది అడగవద్దని చెప్పాడు. అప్పటికి జనవరి. అంటే వేసవి, దాని తర్వాత సెప్టెంబరు. అక్టోబరుతో సీజను ముగుస్తుంది. ఐవర్ చేతిలో ఉన్నది అంతే.

ఆ వారమే కేరవాన్ అమ్మేశాడు. మోటారు సైకిలు అమ్మేశాడు. పెళ్ళాం పిల్లలు లేరు, అడ్డు చెప్పేవాళ్ళూ లేరు. ఆయనకి కావలసింది పాత కాలపు ఒంటి సీటు కారు, అంటే డెబ్బైల మొదట్లోనో అంతకు ముందో తయారైనది. పేరున్న కంపెనీల కార్ల ధర వింటేనే చెమటలు పడతాయి. షెడ్డుల్లో నలుగురైదుగురు కలిసి చేసిన చిన్న రకాలు మాత్రం ఇంకా మనలాంటివాళ్ళ చేతికి అందుతాయి. ఉన్న డబ్బులో మూడోవంతు టైర్లకి, హెల్మెట్‌కి, ఎంట్రీ ఫీజులకి ముందే పక్కన పెట్టాడు. చాలామంది మునిగేది ఇక్కడే. ఉన్నదంతా కారుకే పోసి, ఆ తర్వాత ఏడాదంతా షెడ్డులో దాన్ని తుడుచుకుంటూ కూర్చుంటారు.

మొదట చూసిన కారు బాగుంది, ధరా బాగుంది. ఐవరే పట్టలేదు. ఎలాగో లోపలికి దూరాడు గానీ మోకాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కుపోయాయి. అమ్మేవాడూ నేనూ చెరొక చంకలో చెయ్యేసి లాగాల్సి వచ్చింది.

"ఆ రోజుల్లో అందరూ జాకీల్లా ఉండేవాళ్ళా ఏంటి?" అన్నాడు బయటపడ్డాక, నడుం పట్టుకుని.

"పైలు తగ్గించండి" అన్నాను.

"పైల జోలికి రాకు పిల్లా."

రెండోది ఒక బ్రోకరు దగ్గర. అద్దంలా మెరుస్తోంది. గొట్టాలు కలిపి చేసిన చాసిస్ అంతా నల్లగా నిగనిగలాడుతోంది. ఐవర్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో అతుకూ వేలితో తడిమాడు.

"కొత్త పెయింటా?"

"పోయిన నెలే గురూ! పెళ్ళికూతుర్లా లేదూ?"

"దీని కిందేముంది?"

"పాత పెయింటు."

"దాని కింద?"

బ్రోకరు నా వైపు తిరిగి, "మీ నాన్నకి పెళ్ళికూతుళ్ళంటే అనుమానం ఎక్కువలా ఉందే" అన్నాడు. ఐవర్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. థాంక్స్ చెప్పి వచ్చేశాడు.

దారిలో కారణం చెప్పాడు. గొట్టం చీలితే మొదట పెయింట్ మీద వెంట్రుకంత గీత వస్తుందట. రెండు మూడు పొరలు కొత్త పెయింట్ పట్టిస్తే ఆ గీత మాయం. చీలిక మాత్రం ఎక్కడికీ పోదు. అలాంటి కారు చక్రం ఊడి, ఆయన కళ్ళ ముందే కొండ దిగువకు దొర్లుకుంటూ వచ్చిన రోజొకటి ఉంది. ఆ డ్రైవరు పేరు చెప్పలేదు. "అమ్మే ముందు పెయింట్ వేసిన చాసిస్ కొనను. ఎవరిదైనా సరే" అన్నాడు.

ఏప్రిల్‌లో కారు అమ్ముతామని రాగ్బీ ఊరి నుంచి ఫోను వచ్చింది. ఏవిస్ థర్ల్‌బీ. ఆమె భర్త క్లెమ్ థర్ల్‌బీ మా ట్రాక్ మీద ముప్పై ఏళ్ళు నడిపాడు. టెర్న్ అనే రకం, మొత్తం పదికి మించి తయారవని కారు. గెలిచింది తక్కువే. పోయినేడాది మార్చిలో జబ్బు చేసి చనిపోయాడు.

మేం వెళ్ళేసరికి ఏవిస్ గుమ్మంలోనే ఉంది. సన్నగా, పొట్టిగా, స్వెట్టరు చేతులు పైకి మడిచి. ఐవర్‌ని ఎగాదిగా చూసింది.

"మీరు కొండ కింద ఉండే మనిషి కదూ?"

"అవునండి. క్లెమ్ ఎడం చెయ్యి స్టీరింగు మీద నుంచి తియ్యకుండా రెండు వేళ్ళు మాత్రం లేపేవాడు. కారు చెడిపోయి తాడు కట్టి లాక్కెళ్తున్నా సరే, లేపేవాడు."

ఆమె పక్కకి జరిగి లోపలికి రమ్మంది. తర్వాత టీ పెట్టింది. ప్లమ్ బ్రెడ్ మీద వెన్న మందంగా రాసి ముందు పెట్టింది.

"నలుగురొచ్చారు. ఒకాయన హోటలు పెడుతున్నాడట, గోడకి తగిలిస్తానన్నాడు. మా క్లెమ్ కారుని, దుప్పి తల తగిలించినట్టు! బయటికి పొమ్మన్నాను. మిగతా ముగ్గురు మంచివాళ్ళే. చూసి, మళ్ళీ వస్తామన్నారు. ఒక్కడూ రాలేదు. ఎందుకో చెప్పనైనా లేదు. నడిపేవాడికే ఇస్తాను మిస్టర్ పాక్లింగ్టన్. మీరు నడుపుతారా?"

"అందుకే వచ్చానండి."

గరాజు తలుపు తీసింది. ఆ ముగ్గురూ మళ్ళీ ఎందుకు రాలేదో నాకు వెంటనే అర్థమైంది. చాసిస్ మొత్తం ఆకుపచ్చ. తోట కంచెకి వేసే పెయింట్. అతుకుల దగ్గర బ్రష్ గీతలు, కింద కారి గడ్డకట్టిన చుక్కలు.

"నేనే వేశాను" అంది ఏవిస్. గొంతులో గర్వం దాచుకోలేదు. "కడిగి, తుడిచి, రెండు పూతలు. చలికాలమంతా ఇదే పని. మురికి కారు ఎవరికి చూపిస్తాం?"

ఐవర్ నన్ను చూడలేదు. లోపల కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నాడు. పెడల్స్ సరిగ్గా కాళ్ళ కిందికి వచ్చాయి. భుజాలు రెండు పక్కలా సరిపోయాయి. కళ్ళు మూసుకుని కొంచెంసేపు స్టీరింగు పట్టుకున్నాడు. ఆమె చెప్పిన ధర అందుబాటులో ఉంది. "ఆలోచించుకుంటానండి" అన్నాడు దిగి.

ఆ మాట వినగానే ఏవిస్ ముఖం వాడిపోయింది. అయిదోవాడు కూడా వెళ్ళిపోతున్నాడని అర్థమైంది ఆమెకి.

బండిలో నేను ఊరుకోలేకపోయాను. "ఆవిడ మోసం చెయ్యట్లేదు కదా!"

"తెలుసు."

"మరి?"

"పెయింట్‌కి తెలీదుగా పిల్లా, ఎవరు వేశారో."

రెండు వారాలు గడిచాయి. సీజను మొదలైంది. ఐవర్ పోస్టులోనే నిలబడ్డాడు. మూడో వారం ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆయన లారీ సీటు పక్కన పెయింట్ ఊడగొట్టే మందు డబ్బాలు, గీకే రేకులు ఉన్నాయి. రాగ్బీ దాకా ఏం చెప్పాలో గొణుక్కుంటూనే ఉన్నాడు. గుమ్మంలో నిలబడి మాత్రం అంతా మర్చిపోయి ఉన్నదున్నట్టు అనేశాడు.

"మీరు వేసిన పెయింట్ గీకెయ్యాలండి. కింద గొట్టాలు చూడాలి. ఆ ముగ్గురూ రానిది కూడా అందుకే."

ఏవిస్ గుమ్మం పట్టుకుంది. "నేను ఏదో దాచానని అనుకున్నారా వాళ్ళు?"

"మిమ్మల్ని కాదు..."

"మా క్లెమ్ డొక్కు కారు నడిపాడంటారా?"

"అనడం లేదండి. నాకు తెలీదు. తెలీకుండా అందులో కూర్చోలేను. కూర్చున్నవాళ్ళని బయటికి లాగాను నేను."

ఆమె లోపలికి వెళ్ళిపోయి తలుపు వేసేసుకుంది. ఐవర్ టోపీ తీసి చేత్తో నలుపుతూ మెట్టు మీదే నిలబడ్డాడు. "ఇక పోదాం పద" అని నాతో అనేలోపు తలుపు తెరుచుకుంది. ఏవిస్ పాత ఏప్రన్ కట్టుకుని, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని ఉంది.

"వేసినదాన్ని నేను. తీసేదాన్ని కూడా నేనే. ఆ డబ్బా ఇటివ్వండి."

మధ్యాహ్నమంతా ముగ్గురం గీకాం. ఆకుపచ్చ పొర మీగడలా ముడుచుకుని ఊడొచ్చింది. గొట్టం బయటపడ్డచోటల్లా ఐవర్ ఎర్ర రంగు నీళ్ళు పూసి, తుడిచేసి, పైన తెల్లపొడి చల్లాడు. చీలిక ఉంటే అందులో ఇంకిన ఎరుపు తెలుపులోకి ఊరుతుంది. వెనక భాగం బాగుంది. సీటు పక్కలు బాగున్నాయి. ముందు ఎడమ చక్రాన్ని పట్టుకునే అతుకు దగ్గర, మేం చూస్తూండగానే, తెల్లటి పొడి మీద ఎర్రటి గీత ఒకటి నిదానంగా తేలింది. గోరంత పొడవు.

ఏవిస్ వంగి దగ్గరగా చూసింది. తనే అడిగింది.

"దీని మీదే నడిపాడా?"

"కొన్నాళ్ళు నడిపి ఉంటాడండి."

"అతనికి తెలుసా?"

తెలీదని ఐవర్ సులువుగా అనేయవచ్చు. అనలేదు. "చెప్పలేను" అన్నాడు.

ఏవిస్ స్టూలు మీద కూలబడింది. "చివరి వేసవి ఒక్క రేసుకీ వెళ్ళలేదు. నడుం నొప్పి అన్నాడు. నాకోసం మానెయ్యి క్లెమ్, అని అంతకుముందు ఏడ్చి గొడవ చేశాను. నా గోల పడలేక మానేశాడనుకున్నాను. ఆ తర్వాత జబ్బు బయటపడింది. ఆరోగ్యంగా ఉన్న ఆఖరి వేసవి, ఇంట్లో కూర్చోబెట్టాను మనిషిని." తొడుగు చేత్తోనే ఆ అతుకు వైపు చూపించింది. "ఇక్కడ ఏదో పసుపు మరక కూడా ఉండేది. కడగ్గా కడగ్గా పోయింది."

ఐవర్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "మరకా?"

"గుండ్రంగా. సుద్దముక్కతో గీసినట్టు."

"గుండ్రంగా, దీని చుట్టూనా?"

"అవును. సబ్బునీళ్ళతో కడిగేశాను. ఏం?"

ఐవర్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ వయసులో ఆ మోకాళ్ళతో అంత సులువు కాదు. "మిసెస్ థర్ల్‌బీ, చీలిక కనబడితే దాని చుట్టూ పసుపు సుద్దతో సున్నా చుడతాం. వెల్డింగు చేసేవాడికి గుర్తు. ఇక్కడి వాళ్ళందరం అలాగే చేస్తాం. క్లెమ్ చూశాడు. చూసి, కారు ఆపేశాడు. మీతో చెబితే భయపడతారని నడుం నొప్పి అని ఉంటాడు. మానలేదండి, బాగుచేయించుకుందామని ఆపాడు. ఈలోపు జబ్బు వచ్చింది."

ఆమె తొడుగు తీసి ఆ గీతని వేలితో తడిమింది. "అబద్ధాలకోరు" అంది చాలా మెల్లగా. "నడుంకి వేడినీళ్ళ సీసా పెట్టాను ప్రతి రాత్రీ. హాయిగా పెట్టించుకున్నాడు." నవ్వబోయింది, ఆ నవ్వు మధ్యలోనే విరిగింది. నేను గరాజు బయటికి వచ్చేశాను.

ఐవర్ ఆ కారే కొన్నాడు. వెల్డింగు ఖర్చు మేరకు ధర తగ్గించుకున్నాడు. ఆమె ఇంకా తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు. చాసిస్ బాగుచేసే మనిషి దగ్గర అప్పటికే వరసగా బళ్ళు ఉన్నాయి. మే వెళ్ళింది, జూన్ వెళ్ళింది. ఇంకొకరైతే ఈపాటికి నడపడానికి సిద్ధంగా ఉన్న వేరే కారు వెతుక్కునేవాళ్ళు. ఐవర్ ఆదివారాలు పోస్టులో నిలబడి, మిగతా రోజుల్లో ఏ కన్ను మూస్తే రోడ్డు పక్క బోర్డు కనబడుతోందో చూసుకుంటూ గడిపాడు. ఆగస్టు చివర్లో కారు వచ్చింది. చాసిస్ అంతా పల్చటి లేత బూడిద రంగు.

"నాది ఎక్కడా ఉంచలేదా?" అంది చూడ్డానికి వచ్చిన ఏవిస్.

"బూడిద రంగైతే చీలిన రోజే కనబడుతుందండి."

"సరే" అంది. కానీ పెడల్స్ వెనక, బరువేమీ మోయని రేకు మీద ఆకుపచ్చ అలాగే ఉంచాడని నాకు తెలుసు. ఆమెకు చెప్పాడో లేదో తెలీదు.

సెప్టెంబరు చివరి ఆదివారం, మా ట్రాక్ మీద ఆఖరి రేసు. కొత్త డ్రైవర్ల కారు వెనక నల్ల ఇంటూ గుర్తున్న పసుపు చదరం అతికించాలి. అరవై రెండేళ్ళ ఐవర్ దాన్ని అతికిస్తుంటే మా పోస్టువాళ్ళు చుట్టూ చేరారు.

"కొత్త కుర్రాడా, మీ అమ్మకి చెప్పే వచ్చావా?"

"మా జెండా చూపిస్తే ఆగుతావా, లేక నాకన్నీ తెలుసంటావా?"

"మీ జెండాలు సరిగ్గా ఊపండి ముందు. నేర్పినవాడు చూస్తుంటాడు" అన్నాడు ఐవర్. హెల్మెట్ బకిలు పెట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. నేను పెట్టాను.

చివరి వరసలో మొదలుపెట్టి చివరే వచ్చాడు. ముందువాళ్ళు ఆయనకంటే రెండు చుట్లు ఎక్కువ తిరిగి దాటిపోయారు. వెనకవాళ్ళకి దారిమ్మనే నీలం జెండా చూపించినప్పుడల్లా పుస్తకంలో రాసినట్టు పక్కకి తప్పుకున్నాడు. ఏవిస్ మా పోస్టు వెనక తాడు అవతల నిలబడి ఉంది, క్లెమ్ కోటు వేసుకుని. 

రేసు అయిపోయింది. నెమ్మది చుట్టు మొదలైంది. ఒక్కొక్కరే చేతులెత్తుకుంటూ వెళ్ళారు. చాలా ఆలస్యంగా, ఒంటరిగా, కొండ మీద నుంచి టెర్న్ దిగింది. మేం జెండాలన్నీ తీశాం. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, ఏ చేతికి ఏది దొరికితే అది. ఐవర్ చెయ్యి మొత్తం పైకి, భుజం దాకా బయటికి ఎత్తేశాడు. కారు కొంచెం పక్కకి లాగింది కూడా. అయినా దించలేదు.

నేను ఏవిస్ వైపు తిరిగాను. ఆమె ఆ చెయ్యిని చూడటం లేదు. ముందు ఎడమ చక్రాన్ని చూస్తోంది. అది మా ముందు నుంచి వెళ్ళి, మలుపు తిరిగి, చెట్ల వెనక కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఏమీ ఊడలేదు కదా?" అంది.

"లేదండి."

కోటు గుండీలు పెట్టుకుంది. "అయితే ఆ ఫ్లాస్కు ఇటివ్వమ్మా. పొద్దుట్నుంచీ ఏమీ గొంతు దిగలేదు."