బొట్టుకు జాగ

పినపాకలో మా పక్క పోర్షన్ అక్క ఇంట్లోంచే ఆఫీసు పని చేసేది. ముఖం కడుక్కునే ముందు బొట్టుబిళ్ళ తీసి, అద్దానికి అంటించినట్టే, లాప్‌టాప్ తెర చుట్టూ ఉన్న వెడల్పాటి నల్ల అంచుకు, కెమెరా పక్కన అంటించేది.

ఆఫీసువాళ్ళు కొత్తది పంపాక, తన సొంతదైన పాతది నాకిచ్చేసింది. కొత్తదానికి అంచే లేదు. తెర ఈ చివరినుంచి ఆ చివరిదాకా వాన వెలిసిన అడవిలా మెరిసేది. కెమెరా ఒక్కటే తెర నడినెత్తిన చిన్న నల్లటి గాటులో ఒదిగి ఉండేది.

ఓ పొద్దున మీటింగులో అక్క ఎవరికీ కనబడలేదు. తన బొమ్మ ఉండాల్సిన చోట ఎర్రటి మసక చీకటి. చూస్తే, అలవాటుపడ్డ చెయ్యి బొట్టును తిన్నగా కెమెరా మీదే అంటించింది.

"బొమ్మకు జాగ పెంచిండ్రు, నా బొట్టుకు లేకుండ చేసిండ్రు! గిది చేసినోళ్ళ ఇండ్లల్ల బొట్టు పెట్టుకునేటోళ్ళే లేరా ఏంది, చెల్లె?" అని పకపకా నవ్వింది.

అక్క ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోయింది. పాత లాప్‌టాప్ అంచున, కెమెరా పక్కనే, ఆమె మరిచిన మెరూన్ బొట్టు ఇంకా ఉంది. వీడియో కాల్‌లో నేను సూటిగా తమ కళ్ళలోకే చూస్తానని అందరూ మెచ్చుకుంటారు. నేను చూసేది అక్కనని వాళ్ళకేం తెలుసు?