కారణం రాసే గడి

నాచారం పారిశ్రామికవాడలో మందులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉంది. దాని ల్యాబులో ఉన్నంతమంది టైపింగ్ రానివాళ్లు హైదరాబాద్ మొత్తం వెతికినా దొరకరు. నమ్మకపోతే వాళ్ల సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. ఒకసారి ఎక్కించిన అంకెను మారిస్తే అది పాతదీ కొత్తదీ రెండూ దాచుకుంటుంది, మార్చినవాళ్ల పేరు వేసుకుంటుంది, ఆపైన ‘కారణం’ అని ఒక గడి తెరుస్తుంది. ఆ గడిలో అందరూ రాసేది ఒకటే మాట: టైపింగ్ పొరపాటు.

దోర్కా ఆ ల్యాబులోనే పనిచేస్తుంది. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఉప్పల్‌లో అద్దె ఇంట్లో తల్లి సువార్తమ్మతో ఉంటుంది. ఇల్లు గడిచేది ఈమె జీతం మీదే. అలాగని నెమ్మది మనిషి కాదు. షేర్ ఆటోలో ఇద్దరి చోట మూడో మనిషిని ఇరికించబోతే దిగనూ దిగదు, జరగనూ జరగదు. నాకు ఆ మొండితనమంటే ప్రాణం.

మొన్న వేసవిలో పిల్లల జ్వరం సిరప్ ఒక బ్యాచ్ పరీక్షకు వచ్చింది. అందులో ఉండాల్సినంత మందు లేదు. దోర్కా రెండోసారి కూడా పరీక్షించి, ఫెయిల్ అని ఎక్కించింది. సరుకు కోసం లారీ గేటు దగ్గర ఆగి ఉంది. మేనేజర్ హృషికేశ్ పరుగున వచ్చాడు.

“కొంచెమే కదా తక్కువ. ఆ నంబర్ మార్చెయ్ దోర్కా.”

“మందు తక్కువుంటే జ్వరమెట్ల తగ్గుతది సార్? చిన్న పోరగాండ్లు తాగేది.”

“నువ్వు మార్చకపోతే స్వర్ణలత మారుస్తుంది. తర్వాత నీ సంగతి చూస్తా.”

పక్క కుర్చీలో స్వర్ణలత తల దించుకుంది. ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు లేదని అందరికీ తెలుసు. దోర్కాకు ఒళ్లు మండింది.

“నేనే మారుస్త సార్. కారణమేం రాయాలె?”

“ఎప్పుడూ రాసేదే.”

ఆమె అంకె మార్చింది. గడిలో మాత్రం ఇంగ్లిష్‌లో ఇలా కొట్టింది: ‘మొదటి అంకే నిజం. సిరప్ ఫెయిల్. హృషికేశ్ సార్ మార్చమంటే మార్చాను.’

ఆ మార్పు చెల్లాలంటే, కారణం చదివి ఒప్పుకున్నానని మేనేజర్ తన పాస్‌వర్డ్ కొట్టాలి. తన గదిలో దాన్ని తెరిచిన హృషికేశ్ కోపంతో ఊగిపోతూ తిరిగొచ్చాడు.

“ఏంటిది? తీసెయ్.”

“తీసేస్తే తీసేసినట్టు గూడ పడ్తది సార్. మళ్ల కారణమడుగుతది. గప్పుడేం రాయాలె?”

హృషికేశ్ పాస్‌వర్డ్ కొట్టలేదు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

మరుసటి వారం ఆఫీసు గది నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే కామాక్షి ఒక రాజీనామా కాగితం ముందుకు జరిపింది. ‘సొంత కారణాల వల్ల’ అని ముందే టైపు చేసి ఉంది. దోర్కాకు భయం వేసింది. ఇంటి అద్దె గుర్తొచ్చింది, తల్లి షుగర్ మాత్రలు గుర్తొచ్చాయి.

“సంతకం పెట్టేయమ్మా. మర్యాదగా బయటపడతావ్.”

“నాకు సొంత కారణాలేం లేవు మేడం. నేను మానెయ్య. మీరే తీసెయ్యున్రి. ఎందుకు తీసేసిన్రో గూడ మీరే రాయున్రి, కింద మీ పేరు వెట్టి.”

కామాక్షి పెన్ను తీసుకుంది. కాసేపు కాగితం వంక చూసి, మూత పెట్టేసింది.

ఆ కారణం రాసేవాళ్లు ఇప్పటిదాకా దొరకలేదు. దోర్కా రోజూ పొద్దున్నే ఉప్పల్‌లో ఆటో ఎక్కి, అదే ల్యాబులో అదే కుర్చీలో కూర్చుంటోంది.