నా పేరు రాసిన కేకు

బెళ్ళందూరు ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకైనా పైనాపిల్ కేకు తెస్తే, ఆ వాసనకే నేను లేచి బయటికి వెళ్లిపోతాను.

నాకప్పుడు ఏడేళ్లు. చిక్కపేట వెనక సందులో మా ఇల్లు. పెదనాన్న కూతురు సుజాతక్క తొమ్మిదో తరగతి. మరునాడే ఆమె పెళ్లి. పొద్దున నలుగు పెట్టారు. మధ్యాహ్నం ఎవరో పరుగున వచ్చి పెదనాన్న చెవిలో ఏదో చెప్పారు. వెంటనే మామిడి తోరణాలు, పసుపు గిన్నెలు అటకెక్కాయి. పసుపు పోవాలని అక్క మెడ సబ్బుతో రుద్ది రుద్ది, స్కూలు యూనిఫాం తొడిగారు. బేకరీ నుంచి నా పేరు రాసిన పైనాపిల్ కేకు వచ్చింది. అలాంటిది నాకు అదే మొదలు.

చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపే ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్ నా ముందు వంగింది.

"ఈపొద్దు మీ ఇంట్లో ఏముండాది పాపా? భయపడొద్దు, నిజం చెప్పు."

అక్క కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. కేకు అడుగుతోందనుకున్నాను.

"నా పుట్టినరోజు!" అన్నాను గట్టిగా.

"చెప్తిని కదా మేడమ్, మా చిన్నపాపది," అని పెదనాన్న నవ్వాడు.

మేడమ్ నా బుగ్గ తట్టి, ఓ ముక్క తిని వెళ్లిపోయింది. జీపు సందు దాటకముందే అక్క ఒంటిమీది యూనిఫాం తీయించారు.

టీచరు చేత ఆ మేడమ్‌కి ఫోన్ చేయించింది అక్కేనని చాలా ఏళ్లకు తెలిసింది.

నా అసలు పుట్టినరోజు ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. అది ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు ఇంట్లో అక్కకు సీమంతం.