మబ్బుకండ్లు

ఎవరి చూపు పడితే మీ బిడ్డకు కీడని మీరు నమ్ముతున్నారు? నాకు చెప్పనక్కర్లేదు. ఆమె మీ వీధిలోనే ఉంటుంది. ఆమె వాకిట్లోకి రాగానే మీ ఇంట్లో ఎవరో ఒకరు లేచి ఉయ్యాల మీద బట్ట కప్పుతారు. ఆమెకు అది కనబడదని అనుకుంటారు. కనబడుతుంది. ఆమె నేనే కాబట్టి చెబుతున్నాను.

మాది కర్ణాటకలోని పావగడ తాలూకా రాయచెర్లు. నా పైరెప్పలు పుట్టుకతోనే బరువు. వయసు మీదపడ్డాక చర్మం ఇంకా సాగి కంటి వెంట్రుకల మీదికి వాలింది. చూపుకేమీ అడ్డం లేదు. చదువుతాను, రాస్తాను, సూదిలో దారం ఎక్కిస్తాను. కానీ చూసేవాళ్ళకు ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుంటాను. మా వైపు నిద్రమత్తును కూడా మబ్బు అనే అంటారు. అందుకే నాకు మబ్బుకండ్లామె అని పేరుపడింది. చిన్నప్పుడు అది వెక్కిరింత మాత్రమే. వానల్లేక శనక్కాయ చేలు ఎండిపోయే చోట మబ్బు చెడ్డమాట ఎలా అవుతుంది? మా పొలాల మీద సోలార్ ప్లేట్లు పరిచాక ఆ మాట తిరగబడింది. ప్లేట్లకు మబ్బు గిట్టదు.

ప్లేట్లు కడిగే కూలికి పోయే ఆడవాళ్ళు, ఆటో కోసం నిలబడినచోట నేను కనబడితే వదిలేవాళ్ళు కాదు.

"యాడికక్కా? మా ప్లాంటు తట్టు మాత్రం రావాకమ్మా, కరెంటు దిగిపోతాది!"

"ఆకాశంలో మబ్బు ఒక పూటుండి పోతాది. ఈయమ్మది పోయేది కాదే!"

"అట్లయితే నన్ను తీసుకపోయి చేన్లో నిలబెట్టండే, వానన్నా వస్తాది" అనేదాన్ని. మూఢనమ్మకాల మీద సభల్లో వాదించి వాదించి పదునెక్కిన నోరు. జవాబు కోసం వెతుక్కునేది కాదు.

ఆ నోరు పడిపోయింది నా చెల్లెలి కూతురి మొదటి బిడ్డ చనిపోయినప్పుడు. ఆ అమ్మాయి నా ఒడిలో పెరిగింది, అక్షరాలు దిద్దించింది నేనే. ఆమె బిడ్డకు జలుబు చేసి ఎగపోస్తూ ఉంటే, ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టట. ఘాటు రాలేదు. ఎవరి కన్ను అని ఆరా తీశారు. ముందురోజు బిడ్డను ఎత్తుకున్నది నేను. మళ్ళీ దిగదుడిచారు. పావగడ ఆసుపత్రికి చేర్చేసరికి చేయి దాటిపోయింది. నిమ్ము చేసింది, ముందే తెస్తే బతికేది అని డాక్టరు చెప్పాడు. ఆయన మాట పావగడలోనే ఉండిపోయింది. ఊళ్ళోకి వచ్చిన మాట, బిడ్డను మబ్బు కమ్మిందని.

రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. చూద్దామని వెళితే చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుగా అనుకోవాకక్కా. బిడ్డ నిద్రపోతాండాది."

లోపల బిడ్డ కేరుమంది.

"నిద్రలో ఏడుస్తాందా?"

"ఏం చెయ్యమంటావు? బిడ్డతల్లికి నీ కండ్లంటే భయం. నువ్వు చదివిందానివి. మాకంత ధైర్యం యాడుండాది?"

కూతురిలాంటిది నన్ను చూసి భయపడుతోంది. వాదంతో ఆ భయాన్ని కదిలించలేనని ఆరోజే తెలిసింది. భయం రెప్పల మీదైతే రెప్పలే కోయించుకుంటాననుకున్నాను. సభల్లో నా పక్కన కూర్చునేవాళ్ళు లొంగిపోయావన్నారు. వాళ్ళ ముందు ఎవరూ ఉయ్యాల మూయలేదు.

బెంగళూరులో డాక్టరమ్మ పెన్నుతో నా రెప్పల మీద గీతలు గీస్తూ, ఇది అందం కోసం చేసే ఆపరేషను, ఈ వయసులో ఎందుకమ్మా అంది కన్నడంలో. బిడ్డను ఎత్తుకోవడానికి అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, నవ్వింది. సూదిమందు ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. నొప్పి లేదు కానీ చర్మాన్ని లాగడం, దారం బిగించడం తెలుస్తూనే ఉంది. ఏదో కమురు వాసన వస్తే, అది నాదేనని కాసేపటికి తట్టింది.

ఇంటికొచ్చాక ముఖం నేరేడుపండు రంగుకు తిరిగింది. బట్టలో ఐసుముక్కలు చుట్టి ఒత్తుకుంటూ, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాను. కుట్లు తీశారు. వాపు దిగింది. అద్దంలో ఎవరో ఉలిక్కిపడ్డ మనిషి కనబడింది. ఎడమ రెప్ప పూర్తిగా మూతపడటం లేదు. చర్మం కాస్త ఎక్కువే పోయింది, కొందరికి సర్దుకుంటుంది, చుక్కలు వేసుకో, పడుకునేటప్పుడు రెప్పను పట్టీతో అతికించుకో అంది డాక్టరమ్మ. సర్దుకోలేదు. ప్లాంటు దారి దుమ్ముకు, ప్లేట్ల మీద నుంచి కొట్టే వెలుగుకు ఆ కన్ను మంటలెత్తి కారుతూనే ఉంటుంది.

అయినా వెళ్ళాను. ఈసారి తలుపు తీసింది చెల్లెలి కూతురే. భుజం మీద బిడ్డ ఉంది. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అప్పుడు సగమే చూస్తాంటివి పెద్దమ్మా. ఇప్పుడు రెప్పే వాల్చకుండా చూస్తాండావు."

నేను ఆ మాట వినడం లేదు. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి.

"డొక్కలెగరేస్తాండాది చూడే! ఇప్పుడే పావగడకు తీసుకపో!"

"చూడవాక పెద్దమ్మా! నీ కాళ్ళు మొక్కుతా, దాన్ని చూడవాక!"

తలుపు మూసుకుంది. వీధి వీధంతా వచ్చేదాకా అరుగు మీద నిలబడి అరిచాను. ఎవరో మిరపకాయలు తెచ్చారు. ఈసారి ఘాటొచ్చింది, దిష్టి దిగిందన్నారు. అందరూ దగ్గారు, ఊపిరాడని ఆ బిడ్డ కూడా. అంతలో ప్లాంటు నుంచి వచ్చిన అల్లుడు తల్లినీ బిడ్డనూ బండెక్కించుకుని ఆసుపత్రికి పోయాడు. ఆక్సిజన్ పెట్టారు, మందులిచ్చారు. బిడ్డ బతికింది.

పేరు మిరపకాయలకొచ్చింది. జబ్బు ముదిరింది మాత్రం నా చూపుకట. చనిపోయినా నమ్మకమే గెలిచింది, బతికినా అదే గెలిచింది. ఇక నేను ఏ రుజువు చూపించాలి? ఆ ఇంటి ముందు నుంచి పోవడం మానేశాను. ఆ పిల్లకు నడక వచ్చిందని ఆటో దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. మా ఊరు మారుతుందనే ఆశ నాకు లేదు.

మీ మీద కూడా పెద్దగా లేదు. అయినా ఇది చేయండి. బిడ్డ రొప్పుతుంటే ఎవరు చూశారని అడగకండి. చొక్కా పైకెత్తి డొక్కలు చూడండి. ఎగరేస్తుంటే పొయ్యి దగ్గరికి కాదు, ఆసుపత్రికి పరిగెత్తండి.